దొరువు పూడ్చే ముందు: ఇసుక నేల మీద మా నాలుగు తరాల అనుభవం

మీ ప్రశ్న రెండు మూడు సార్లు చదివాను. నెల్లూరు జిల్లా అల్లూరుకు తూర్పున, సముద్రానికి కిలోమీటరున్నర దూరంలో మీకు ఐదెకరాల ఇసుక నేల ఉంది. అందులో మీ ముత్తాత తవ్వించిన దొరువు, అంటే ఇసుకలో ఊటనీటి కోసం తవ్విన గుంట, ఉంది. దాన్ని పూడ్చి, పక్కనున్న ఇసుక తిప్పను చదును చేయించి, 120 అడుగుల బోరు వేయించి నిమ్మ పెట్టాలని మీ నాన్నగారు అంటున్నారు. పక్క పొలం ఆయన రొయ్యల చెరువులకు కౌలుకు అడుగుతున్నారు. దొరువు జోలికి వెళితే ఆ ఇంట్లో మెతుకు ముట్టనని మీ అవ్వగారు పట్టుబట్టి కూర్చున్నారు. ఒకే ఇంట్లో ఒక్కో తరం ఒకే నేలను ఒక్కో రకంగా ఎందుకు చూస్తోందని, ఇందులో ఎవరి మాట వినాలని బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న మీరు అడిగారు.

నేను వ్యవసాయ శాఖలో 33 ఏళ్లు పనిచేసి 2017లో విరమణ పొందాను. అందులో ఎక్కువ కాలం నెల్లూరు జిల్లా తీర మండలాల్లోనే గడిచింది. మా సొంత ఊరు కూడా అటువంటి ఇసుక ఊరే కాబట్టి, మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్న వాదన మా ఇంట్లో 1978లో ఒకసారి, 1993లో ఒకసారి జరిగింది. మొదటిసారి నాయన గెలిచాడు, రెండోసారి నేను గెలిచాను. రెండుసార్లూ ఓడిపోయింది మా అవ్వ. నా సమాధానాన్ని ఆ సంగతి గుర్తుంచుకుని చదవండి.

సూటిగా చెప్పాలంటే దొరువు పూడ్చవద్దు, తిప్పను కదిలించవద్దు, 120 అడుగుల బోరు వేయవద్దు, చెరువులకు కౌలు ఇవ్వవద్దు. అయితే ఈ నాలుగు మాటలూ పట్టుకెళ్లి నాన్నగారి ముందు పెట్టకండి. ఆయన కోరిక తప్పు కాదు, అది తీరే దారి వేరే ఉంది. దాని సంగతి తర్వాత రాస్తాను. మీ అసలు ప్రశ్న, అంటే తరాల మధ్య ఈ తేడా ఎందుకు వచ్చిందన్నది, అంతకన్నా పెద్దది. పెద్దవాళ్లకు నేల మీద ప్రేమ ఉండేదని, మనకు లేదని అందరూ సులువుగా అనేస్తారు. నేను ఒప్పుకోను. మా ఇంట్లో చూసినంత వరకు, ఏ తరం నీటిని ఏ పద్ధతిలో పైకి తెచ్చుకున్నదో ఆ తరానికి నేల ఆ రకంగానే కనిపించింది.

ముందు ఆ నీరు ఎలా ఉంటుందో తెలియాలి. నెల్లూరు జిల్లా అనగానే పెన్న డెల్టా మాగాణి గుర్తుకు వస్తుంది. నెల్లూరు ఆనకట్ట 19వ శతాబ్దం మధ్యలో, సంగం ఆనకట్ట 1880లలో వచ్చాక కాలువల కింద కయ్యలన్నీ పచ్చబడ్డాయి. కానీ ఆ కాలువ నీరు సముద్రపు ఒడ్డునున్న ఇసుక పట్టీకి ఎక్కదు. అక్కడ పడ్డ వాన ఇసుకలోకి ఇంకి, అప్పటికే అడుగున ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ నిలబడుతుంది. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. అందుచేత పాల మీద మీగడ కట్టినట్లు ఉప్పునీటి మీద మంచినీరు పొరగా ఉంటుంది. మీగడను మెల్లగా పైపైన తీసుకోవాలి. గరిట లోపలికి ముంచితే వచ్చేవి పాలే.

ఈ పొరకు ఒక లెక్క ఉంది. సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మేర మంచినీరు నిలిస్తే, దాని బరువుకు కింద దాదాపు 40 అడుగుల వరకు ఉప్పునీరు వెనక్కి తగ్గి ఉంటుంది. వినడానికి ఇది వరంలా ఉంటుంది గాని, తిరగేసి చూడండి: పైమట్టం ఒక్క అడుగు శాశ్వతంగా పడిపోతే అడుగున ఉప్పు 40 అడుగులు పైకి జరుగుతుంది. అంతే కాదు, ఒకేచోట గట్టిగా తోడితే ఆ చోటు కింద ఉప్పునీరు పుట్టలా పైకి లేస్తుంది. ఇసుక తిప్ప ఎత్తుగా ఉన్నచోట ఈ మంచినీటి నిల్వ మందంగా, తిప్పను చదును చేసినచోట పలుచగా ఉంటుంది. మన జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్యే ఈశాన్య రుతుపవనాలతో పడుతుంది గనుక, ఆ మూడు నెలల్లో ఇంకినదే మళ్లీ అక్టోబరు దాకా గడవాలి. "చిత్త చిత్తగించి, స్వాతి చల్లజేసి, విశాఖ విసరకుంటే, అనూరాధలో అడిగినంత పంట" అని మనవైపు పెద్దలు లెక్కపెట్టుకున్న కార్తెలు సరిగ్గా ఆ రోజులవే.

దొరువు అంటే ఈ మీగడ తీసే గుంట. మా దొరువు పైన ఇరవై అడుగుల వెడల్పు, లోతు పది అడుగులు. ఒక పక్క ఏటవాలుగా, మెట్లకు బదులు తాటి మొద్దులు అడ్డంగా పాతి ఉండేవి. ఇసుక జారకుండా చుట్టూ మొగలి పొదలు. మా అవ్వ 1930ల మొదట్లో కోడలిగా వచ్చేనాటికే అది ఉంది. రెండు చేతులా రెండు కుండలు పట్టుకుని, పక్కవాటుగా మొద్దుల మీద కాలు వేసుకుంటూ దిగి, నీళ్లు కలకబారకుండా కుండ అంచును మాత్రమే ముంచి నింపి, పైకి వచ్చి, మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి జల్లుగా మొక్క మొదట్లో పోసేది. మిరప నారు, వంగ, ఉల్లి, సరుగుడు నారు, వాన మీద వేరుశనగ. మా ఇంటి కాపురం ఆ ఎకరంన్నర మీదే నడిచింది.

కుండకు పదిహేను లీటర్లు అనుకుంటే విడతకు ముప్పై. రోజుకు రెండు వందల విడతలు మోస్తే 6,000 లీటర్లు. మనిషి ఒళ్లు అంతకు మించి మోయలేదు కాబట్టి, దొరువూ అంతకు మించి తోడబడలేదు. పొదుపు ఎవరూ నేర్పలేదు, భుజాలే నేర్పాయి. దాని మీద అవ్వ రెండు కట్టుబాట్లు కూడా పెట్టింది. ఎండ నడినెత్తికి వచ్చాక ఎవరూ దొరువులోకి దిగకూడదు, గంగమ్మ కునుకు తీసే వేళ అనేది. అప్పుడు మాకు అది భయపెట్టే మాట. ఉద్యోగంలో చేరాక, తోడిన గుంటకు ఊట తిరిగి చేరడానికి సగం రోజు తెరిపి కావాలని చదువుకున్నప్పుడు ఆ మాట అసలు అర్థం తెలిసింది. రెండోది పప్పు. వైశాఖం వస్తే వారానికోసారి దొరువు నీళ్లతో గుప్పెడు కందిపప్పు విడిగా ఉడికించి చూసేది. పప్పు మెత్తబడటానికి పట్టే సేపు పెరుగుతోందంటే, తోటలో ఒక మడి నీళ్లు ఆపేసేది. ఏ మడి ఆపాలో కూడా ఒక వరస ఉండేది: ముందు ఉల్లి, తర్వాత వంగ, నారుమడి ఎన్నటికీ కాదు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు వెళితే అబద్ధం రాసినట్లవుతుంది. ఆ కాలం బంగారు కాలం కాదు. మా దొరువు తవ్వింది మా ముత్తాత కాదు, తవ్వించింది మాత్రమే. ఏ చోట తవ్వితే తియ్యని ఊట పడుతుందో మొక్కల్ని, పురుగుల్ని చూసి చెప్పి, గడ్డపార పట్టింది యానాది కుటుంబాలు. అదే దొరువులోకి దిగి కుండ ముంచుకునే హక్కు మాత్రం వాళ్లకు గాని, ఊరి మాదిగవాడకు గాని లేదు. పైనుంచి ఎవరో పోస్తే పట్టుకోవాలి. అవ్వకు నేల గురించి తెలిసిన వాటిలో సగం ఆ యానాది ఆడవాళ్ల దగ్గర నేర్చుకున్నవే, ఆ సంగతి ఆమె ఒప్పుకునేది కూడా. అలాగే మనం అనాదిగా ఉన్నదనుకునే సరుగుడు తోపు పరాయి చెట్టు. 19వ శతాబ్దంలో వంటచెరకు కోసం, రైలు ఇంజన్ల కోసం తీరమంతా నాటించినది. ఆ కట్టె బకింగ్‌హాం కాలువలో పడవల మీద మద్రాసుకు వెళ్లేది. నా ముత్తాత కూడా తిప్ప మీది పాత పొదలు నరికి సరుగుడు వేసినవాడే. ప్రకృతిని ముట్టుకోకుండా బతికిన తరం మా ఇంట్లో ఏదీ లేదు.

నాయన తరానికి వద్దాం. ఆయన 1935లో పుట్టాడు. ఊహ తెలిసినప్పటి నుంచి తల్లి భుజాల మీద కాయలు కాచిన గుర్తులు చూశాడు. 1966 తర్వాత ఐఆర్-8 వంటి పొట్టి వరి రకాలు వచ్చి, ఆరు నెలలు నిలబడే మొలగొలుకుల స్థానంలో నాలుగున్నర నెలల్లో పుట్లకు పుట్లు పండుతుంటే, పడమటి కయ్యల బంధువులు మేడలు కట్టారు. ఇసుక మీద ఉన్నవాడు కుండలు మోస్తూనే ఉండాలా అని ఆయనకు అనిపించింది. 1967లో ఐదు హార్స్‌పవర్ ఆయిల్ ఇంజను కొని దొరువు గట్టున దించాడు. అవ్వ రోజంతా మోసే నీటిని అది పావుగంటలో పోసింది. ఆ సాయంత్రం అవ్వ గట్టున కూర్చుని నవ్విందని, ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదని అమ్మ చెప్పేది.

మీ నాన్నగారిని అర్థం చేసుకోవాలంటే ఈ చోట కాసేపు ఆగండి. ఆయన బోరు అడగటం వెనుక ఉన్నది దురాశ అని నేను అనుకోను. ఆయన చూసింది తల్లి మోసిన కుండల్ని. ఆ చాకిరీకి గుర్తుగా ఆయన కళ్ల ముందు మిగిలింది ఆ గుంట ఒక్కటే. అవ్వగారికి దొరువు తన చేతి పని, నాన్నగారికి అది తన తల్లి పడ్డ కష్టం. ఇద్దరూ ఒకే గుంటను చూస్తూ వేర్వేరు సంగతులు మాట్లాడుతున్నారు.

ఇంజనుతో పెద్ద చేటు జరగలేదు, ఎందుకంటే దొరువు అడుగంటగానే అది గాలి పీల్చి ఆగిపోయేది. చేటు 1978లో కరెంటు మోటారుతో, 110 అడుగుల బోరుతో వచ్చింది. లోతుకు వెళితే నీరు ఎక్కువ అన్నది పడమటి మెట్టలో, ఉదయగిరి, కనిగిరి వైపు రాతి నేలల్లో పనికొచ్చే ఆలోచన. అక్కడైనా దానికి హద్దుంది. లోతు పెరిగిన కొద్దీ ఫ్లోరైడ్ పెరిగిన ఊళ్లు ప్రకాశం జిల్లా పడమట ఎన్నో చూశాను. ఇసుక పట్టీలో అయితే లోతు అంటే ఉప్పుకు దగ్గర కావడమే. మొదటి రెండేళ్లు బోరు నీరు కొబ్బరినీళ్లలా ఉంది. నాయన ఎకరంన్నర నిమ్మ పెట్టాడు. నాలుగో వేసవికి ఆకుల అంచులు ఎర్రగా మాడాయి. తెగులనుకుని రెండేళ్లు మందులు కొట్టాం. నేను అప్పుడు వ్యవసాయం చదువుతున్నాను, నేనూ తెగులే అనుకున్నాను. అవ్వ ఒక్కతే బోరు నీరు నాలుక మీద వేసుకుని ఉమ్మేసి, పప్పు పెట్టి చూడండిరా అంది. ఎవరమూ పెట్టలేదు.

1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానుకు తోపంతా పడిపోయింది. పడ్డ చెట్లు అమ్మిన చేత్తోనే నాయన తిప్పను కూడా చదును చేయించాడు. ఎకరం మిగులుతుందని ఆశ. ఆ ఎత్తు పోయాక వేసవిలో దొరువు నీరు అంతకు ముందుకన్నా మూరెడు కిందికి వెళ్లింది, మళ్లీ పాత గుర్తుకు రాలేదు. అందుకే మీ తిప్పను ముట్టవద్దంటున్నాను. అది మీ నీటి తొట్టి.

ఇక నా వంతు. 1993లో మా ఊరి చుట్టూ రొయ్యల చెరువులే. ఎకరం కౌలుకు వచ్చే డబ్బు నా ఆరు నెలల జీతం కన్నా ఎక్కువ. నిమ్మ చచ్చిన చోటుతో కలిపి మూడెకరాలు ఖాళీగా పడి ఉన్నాయి కదా అని, బయటి నుంచి వచ్చిన ఒక కౌలుదారుకు రాసిచ్చాను. శాఖలో ఉన్నవాణ్ని, ఉప్పు గురించి రైతులకు చెప్పే ఉద్యోగం నాది. అయినా ఇచ్చాను. మా అబ్బాయి బడి ఫీజు ఆ డబ్బుతోనే మొదలైంది, కాబట్టి ఆ డబ్బును తిట్టే అర్హత కూడా నాకు లేదు. బకింగ్‌హాం కాలువ నుంచి ఉప్పునీరు గొట్టాలతో తెచ్చి నింపారు. నీరు ఇంకిపోకుండా చెరువు అడుగున బంకమట్టి పోయించి తొక్కించారు. 1994లో తెల్లమచ్చ తెగులు తీరమంతా తుడిచిపెట్టింది. మరుసటి ఏడాది కౌలుదారు, నీటికి గాలి ఎక్కించే ఏరియేటర్లు ఊడదీసుకుని వెళ్లిపోయాడు. మా దొరువు చెరువు గట్టుకు అరవై గజాల దూరంలో ఉంది. 1995 వేసవికి అందులో నీరు నోట పెట్టుకోలేకపోయాం. తీర ప్రాంత రొయ్యల సాగును కట్టడి చేసిన సుప్రీంకోర్టు తీర్పు 1996 డిసెంబరు 11న వచ్చింది. మా అవ్వ అదే ఏడాది అంతకు ముందే పోయింది. చివరి ఏడాది ఆమెకు తాగే నీరు పడమటి ఊరి నుంచి సైకిలు మీద బిందెతో వచ్చింది.

తర్వాత నేలను తిరిగి తెచ్చుకోవడం ఎలా ఉంటుందో రాస్తాను, ఎందుకంటే "మూడేళ్లు కౌలుకిచ్చి మళ్లీ సాగు చేసుకోవచ్చు" అని మీతో కూడా ఎవరో అంటారు. ఇసుకకు ఒక మంచి గుణం ఉంది: ఉప్పు పట్టినంత త్వరగా, వాన పడితే కడుక్కుంటుంది. అయితే చెరువు అడుగున తొక్కిన బంకమట్టి ఆ వానను కిందికి దిగనివ్వలేదు. గట్లు తెంపించి, ఆ మట్టి పెళ్లలను ట్రాక్టర్లతో గీకించి బయటికి తోలడానికి, కౌలుగా వచ్చిన దానిలో సగం ఖర్చయింది. ఆలోగా చిల్లచెట్లు (సర్కారు తుమ్మ) అల్లుకున్నాయి. నాలుగు వానాకాలాలు గడిచాక వేరుశనగ మొలిచింది, అదీ మచ్చలు మచ్చలుగా. ఐదో ఏడు దొరువు నీటితో పప్పు ఉడికింది.

రొయ్యల సాగును మొత్తంగా తప్పుపట్టడం లేదు. 2009లో వనామి రకానికి అనుమతి వచ్చాక కండలేరు క్రీకు చుట్టుపక్కల, సహజంగానే ఉప్పుగా ఉన్న నేలల్లో ఎన్నో కుటుంబాలు దాని మీద నిలబడ్డాయి. మంచినీటి ఇసుక మీద ఆ చెరువులు తవ్వడమే నేను వద్దనేది. 2005 నాటి తీర ప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం కింద వచ్చిన మార్గదర్శకాలు కూడా సాగు భూమిని చెరువులుగా మార్చకూడదనే అంటాయి. తాగునీటి వనరుకు 100 మీటర్లు, పక్క పంటపొలానికి నేల స్వభావాన్ని బట్టి 50 నుంచి 100 మీటర్ల దూరం ఉంచాలంటాయి. మీ నేల సముద్రానికి రెండు కిలోమీటర్ల లోపే ఉంది గనుక రిజిస్ట్రేషన్ లేకుండా చెరువు వేయడానికి వీల్లేదు. పక్క పొలం ఆయనను ముందు ఆ కాగితం చూపించమనండి. ఆయన సొంత పొలంలో చెరువు వేస్తున్నా సరే, మీ దొరువుకు దాని దూరం టేపుతో కొలిచి రాసి పెట్టుకోండి.

2004 డిసెంబరు 26న సునామీ నీరు మా తోపు దాటి వచ్చి దొరువును నింపింది. నాకు తోచింది ఒక్కటే, మోటారు పెట్టి రోజూ తోడి పారేద్దామని. నాయన అడ్డుకున్నాడు. దొరువులో నిలిచిన సముద్రపు నీటిని ఒక్కసారి బయటికి పోయించి, ఇక ముట్టవద్దన్నాడు. "గుచ్చి గుచ్చి తోడితే కిందది పైకొస్తుంది, వాన కడుగుతుంది, ఆగు" అన్నాడు. 1978లో బోరు కోసం తల్లితో పోట్లాడిన మనిషి ఆ మాట అన్నాడు. ఉప్పు సోకిన తీర బావులను అతిగా తోడితే కింది ఉప్పు ఎక్కి మరింత పాడవుతాయని తర్వాత శాస్త్రవేత్తలూ రాశారు. మరుసటి ఏడాది ఈశాన్య వానలకు దొరువు చాలావరకు తేరుకుంది. కాబట్టి మీ నాన్నగారు మారరని ముందే అనుకోకండి. ఆయనకు ఉప్పు ఇంకా ఎదురుపడలేదు, అంతే.

నాలుగో తరం మా అబ్బాయి, హైదరాబాదులో ఉంటాడు, మీలాగే. ఉపగ్రహ చిత్రాల్లో మా ఊరి రొయ్యల చెరువుల నీలం గళ్లు ఏ ఏడాదికి ఎన్ని పెరిగాయో వాడికి నా కన్నా బాగా తెలుసు. దొరువులోకి మాత్రం ఎన్నడూ దిగలేదు. 2019 వేసవిలో వస్తూ జేబులో పట్టే ఈసీ మీటరు ఒకటి తెచ్చాడు. నీటిలో ఉప్పు ఎంత ఉందో విద్యుత్తు ప్రవహించే తీరును బట్టి అది చెబుతుంది. దొరువులో ముంచితే 0.9 చూపింది, పాత బోరులో 5.2 (ఈ అంకెలన్నీ డెసీసీమెన్స్/మీటరు, అంటే dS/m కొలమానంలో). నాయనకు అప్పటికి 84 ఏళ్లు, మంచం మీద నుంచే "ఎంత దాటితే పప్పు ఉడకదు?" అని అడిగాడు. వాడి దగ్గర జవాబు లేదు. అందుకని దొరువు నీరు, బోరు నీరు, రెండూ సగం సగం కలిపినవి మూడు గిన్నెల్లో పోసి, మూడింటిలో ఒకే కొలత కందిపప్పు వేసి, ఒకే గ్యాసు పొయ్యి మీద ఒకదాని తర్వాత ఒకటి పెట్టారు. దొరువు నీటిలో నలభై నిమిషాలకు పప్పు వేలి మధ్య నలిగింది. సగం సగంలో గంటకు పైన పట్టింది. బోరు నీటిలో గంటన్నర తర్వాత కూడా బద్ద బద్దగానే ఉంది. నిజానికి పప్పు ఉడకకపోవడానికి ముఖ్య కారణం నీటిలోని కాల్షియం, మెగ్నీషియం. మీటరు చూపేది మొత్తం లవణాలను. కానీ మన తీరంలో సముద్రపు నీరు చొరబడితే రెండూ కలిసే పెరుగుతాయి కాబట్టి అవ్వ పరీక్ష తప్పలేదు. ఆ మూడు గిన్నెల పక్కన మూడు అంకెలు రాసిన కాగితం ఇప్పటికీ మా వంటింటి గోడకు ఉంది.

ఇప్పుడు మీరు చేయవలసిన పని. సాగునీటికి ఈసీ 0.7 లోపు ఉంటే చింత లేదు. అక్కడి నుంచి 3 దాకా పంటను చూసి వాడుకోవాలి. 3 దాటితే చాలా పంటలకు పనికిరాదు. సముద్రపు నీరు దాదాపు 50 ఉంటుంది. ఉల్లి, చిక్కుడు, మిరప త్వరగా లొంగిపోతాయి, నిమ్మ కూడా ఆ జాబితాలోదే. అందువల్ల నాన్నగారి నిమ్మ ఆలోచన బోరు నీటి మీద నిలవదు. ఇసుకకు, దొరువుకు అలవాటైన వేరుశనగ, కూరగాయలు, సరుగుడు నారు, సపోటా నయం. సపోటా ఉప్పును కొంత ఓర్చుకుంటుంది, ఉలవపాడు వైపు తోటలు ఒకసారి చూసి రండి.

నాన్నగారికి కుండలు మోయని సేద్యం కావాలి, అది న్యాయం. దానికి బాపట్లలోని ఉప్పునేలల, ఉప్పునీటి పరిశోధన కేంద్రం వారు మెరుగుపరచిన దొరువు పద్ధతి ఉంది. లోతుకు దిగకుండా, మంచినీటి పొర ఉన్న మట్టంలోనే చిల్లుల గొట్టాలను అడ్డంగా నాలుగు పక్కలకూ పరిచి, మధ్యలోని బావిలోకి నీరు చేరేలా చేసి, అక్కడి నుంచి చిన్న మోటారుతో స్ప్రింక్లర్లకో డ్రిప్పుకో ఇస్తారు. విశాలంగా పరచిన గొట్టాలు పైపైన కొద్దికొద్దిగా లాగుతాయి గనుక కింది ఉప్పు ఒకచోట పుట్టలా లేవదు. మీ పాత దొరువునే ఆ మధ్య బావిగా మార్చుకోవచ్చు. అవ్వగారి గుంట ఉంటుంది, నాన్నగారి మోటారూ ఉంటుంది. ఒక్క జాగ్రత్త: 2004 నుంచి సేద్యానికి కరెంటు ఉచితం కాబట్టి మోటారు ఆపాలని జేబు గుర్తు చేయదు. మేము టైమరు పెట్టుకున్నాం, పన్నెండు గంటలకు దానంతట అదే ఆగిపోతుంది. మోటారు ఆగిన చప్పుడు వినగానే మా ఆవిడ, గంగమ్మ పడుకుంది అంటుంది.

ఎవరైనా బోరే కావాలని పట్టుబడితే, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి తీసుకోవాలని, ఊరి తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బావి కుదరదని చెప్పండి. ఇది వాదన గెలవడానికి కాదు, మీ ఊరి మంచినీటి బావి ఎంత దూరంలో ఉందో మీకు తెలియాలని.

ఇవన్నీ రేపే చేయనక్కరలేదు. ఈ వైశాఖంలో ఇంటికి వెళ్లినప్పుడు ఒక మీటరు కొనుక్కుని వెళ్లండి. తెల్లవారి ఎవరూ తోడకముందు ఒకసారి, నీళ్లు పెట్టడం ముగిశాక ఒకసారి, దొరువు పై నీటిలోనూ తాడుకు సీసా కట్టి అడుగు నీటిలోనూ కొలవండి. అవి నాలుగు అంకెలు. ఇరుగు పొరుగు బోర్లలో కూడా ఒకటి రెండు కొలిచి, ఏది ఎన్ని అడుగుల లోతో పక్కన రాయండి. కొలిచేటప్పుడు నాన్నగారిని పక్కన ఉంచుకోండి, మీటరు ఆయన చేతికే ఇవ్వండి. అవ్వగారిని మాత్రం ఒక్క సంగతి అడగండి: నీళ్లు తగ్గిన ఏడు ముందుగా ఏ మడి ఆపేవారని. ఆమె చెప్పిన వరస, మీ అంకెలు రెండూ ఇక్కడ రాస్తే గొట్టాలు ఎంత లోతున, ఎన్ని అడుగుల పొడవున పరచాలో లెక్కకట్టి చెబుతాను.